వేయని రిటర్నులు, తీరని బకాయిలు

ఇంటి అప్పు కోసం బ్యాంకు మెట్లెక్కినప్పుడే చాలామందికి ఆదాయపు పన్ను గుర్తొస్తుంది. మేనేజరు మూడేళ్ల రిటర్నులు తెమ్మంటాడు. అక్కణ్నుంచి ఆడిటరు గారి దగ్గరికి పరుగు. ఒకప్పుడు ఆ పరుగు ఎంతో కొంత ఫలించేది. అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాదికి మరుసటి ఆర్థిక సంవత్సరం) ముగిశాక కూడా ఇంకో ఏడాది పాటు ఆలస్యపు రిటర్ను వేసుకోనిచ్చేవారు కాబట్టి, మార్చి నెలాఖరున రెండేళ్లవి ఒకే రోజు వేయించుకుని బయటపడేవారు. 2016 ఆర్థిక చట్టం ఆ ఏడాదిని తీసేసింది. 2021 చట్టం మరో మూడు నెలలు కోసి, ఆ ఆలస్యపు గడువును డిసెంబరు 31కి తెచ్చి పెట్టింది. ఆ రాత్రి దాటితే పాత పద్ధతిలో రిటర్ను వేయడం కుదరదు.

అలాగని అన్ని దారులూ మూసుకుపోలేదు. 2022లో ‘అప్‌డేటెడ్ రిటర్ను’ అని ఒక కొత్త దారి తెరిచారు, 2025లో దాన్ని నాలుగేళ్లకు పొడిగించారు. ఈ మార్పులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. ప్రభుత్వానికి కట్టాల్సింది ఉన్నవాడికి ఆలస్యంగానైనా తలుపు తెరిచే ఉంది, కాకపోతే ప్రవేశ రుసుము ఎక్కువ. ప్రభుత్వం నుంచి రావాల్సింది ఉన్నవాడికి మాత్రం తలుపు డిసెంబరు 31నే దాదాపు మూతపడుతుంది. గడువు దాటినవాడు ముందు తేల్చుకోవలసింది తాను ఈ ఇద్దరిలో ఎవరన్నదే. భయపడటమా, తొందరపడటమా అన్నది ఆ తర్వాతి మాట.

రిటర్ను వేయని వాళ్లంతా ఎగవేతదారులు కారు. ‘జీతంలోనే టీడీఎస్ కట్ అయిపోయింది కదా, ఇంకా ఏం వేయాలి’ అనుకునే ఉద్యోగులు ఎందరో. పన్ను కోసుకోవడం యజమాని బాధ్యత, లెక్క చెప్పడం ఉద్యోగి బాధ్యత. ఒకటి జరిగితే రెండోది తీరిపోదు. ‘12 లక్షల దాకా పన్ను లేదుగా’ అనేది ఇంకో ధీమా. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు పన్ను పడకపోవడానికి కారణం రిబేటు. రిటర్ను వేయాల్సిన బాధ్యత మాత్రం ప్రాథమిక మినహాయింపు పరిమితి దగ్గరే, అంటే 4 లక్షల దగ్గరే మొదలవుతుంది. తొమ్మిది లక్షలు సంపాదించి, రూపాయి పన్ను పడని మనిషి కూడా, మామూలుగా జులైలో ముగిసే అసలు గడువు దాటితే 5,000 ఆలస్య రుసుము కట్టాలి. మొత్తం ఆదాయం 5 లక్షల లోపు ఉంటే ఆ రుసుము వెయ్యి.

ఆదాయం పరిమితి లోపే ఉన్నా రిటర్ను తప్పనిసరయ్యే సందర్భాలూ కొన్ని ఉన్నాయి. ఏడాదిలో కరెంటు బిల్లు లక్ష దాటినా, పొదుపు ఖాతాల్లో 50 లక్షలు, ఆపైన జమ పడినా, టీడీఎస్, టీసీఎస్ కలిపి 25,000 చేరినా (అరవై దాటినవారికి 50,000) వేయాల్సిందే. విదేశీ ప్రయాణానికి రెండు లక్షలు దాటి ఖర్చు పెట్టినవారూ ఇందులోకే వస్తారు. అమెరికాలో ఉన్న కూతురి కాన్పుకో, కొడుకు గృహప్రవేశానికో భార్యాభర్తలిద్దరూ వెళ్లొస్తే విమానం టికెట్లకే ఆ మొత్తం దాటుతుంది. టికెట్లు పిల్లలు అక్కడి నుంచి కొంటే సమస్య లేదు. తండ్రి తన డబ్బుతో తనకూ భార్యకూ కొంటే, పింఛను ఎంత తక్కువైనా ఆ ఏడాదికి రిటర్ను వేయాలి. ఈ నిబంధన 2019 నుంచీ ఉంది, తెలిసినవారు తక్కువ.

వేశామనుకుని వేయనివాళ్లది ఇంకో తరహా. రిటర్ను అప్‌లోడ్ చేసిన 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతోనో నెట్‌బ్యాంకింగ్‌తోనో ధ్రువీకరించాలి, లేదా సంతకం చేసిన కాగితాన్ని బెంగళూరుకు పంపాలి. అసలు ధ్రువీకరించకపోతే అది చెల్లని రిటర్ను. ముప్పై రోజులు దాటాక ధ్రువీకరిస్తే ఆ ధ్రువీకరణ తేదీనే దాఖలు తేదీగా లెక్కిస్తారు, అంటే జులైలో వేసింది ఆలస్యపు రిటర్నుగా మారిపోవచ్చు.

ఇక ఆలస్యం ఖరీదు. డిసెంబరు 31 లోపు వేసే ఆలస్యపు రిటర్నుకు రుసుము, నెలకు ఒక శాతం చొప్పున వడ్డీ కనిపించే ఖర్చులు. కనిపించనివి రెండున్నాయి, అవే ఎక్కువ బాధిస్తాయి. షేర్లలోనో వ్యాపారంలోనో వచ్చిన నష్టాన్ని తర్వాతి ఏళ్ల లాభంలో సర్దుకునే హక్కు అసలు గడువులోపు వేసినవారికే దక్కుతుంది. రెండోది పాత విధానం. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి పాత పన్ను విధానం కావాలంటే ఆ మాట అసలు గడువులోపు వేసిన రిటర్నులోనే చెప్పాలి. ఇంటి అప్పు వడ్డీ, ఎల్ఐసీ, పిల్లల ఫీజులు అన్నీ చూపించి కంపెనీ దగ్గర పాత విధానంలోనే టీడీఎస్ కోయించుకున్న మనిషిని తీసుకోండి. ఫారం 16 ప్రకారం అతను కట్టాల్సింది సున్నా. గడువు దాటిన మర్నాడు రిటర్ను వేస్తే ఆ మినహాయింపుల్లో చాలావరకు ఎగిరిపోయి, లెక్క కొత్త విధానంలోకి మారి, వేలల్లో బకాయి తేలొచ్చు. ఒక్క రోజు ఆలస్యానికి ఇంత శిక్ష ఎందుకో నాకు అర్థం కాదు. ఆలస్యానికి రుసుము ఉంది, వడ్డీ ఉంది, వాటికి తోడు మినహాయింపులనూ లాక్కోవడం గడువును కాపాడే పనికన్నా కొత్త విధానంలోకి జనాన్ని తోలే పనిగానే కనిపిస్తుంది.

డిసెంబరు 31 కూడా దాటితే మిగిలేది అప్‌డేటెడ్ రిటర్ను. దాని ధర ఎలా పెరుగుతుందో ఒక లెక్కతో చూస్తేనే బోధపడుతుంది. హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల్లో మామూలుగా జరిగేదే తీసుకుందాం. ఒకాయన 2022-23 మధ్యలో కంపెనీ మారాడు. పాత జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వలేదు. రెండు కంపెనీలూ ఎవరికి వారు మినహాయింపు పరిమితి వదిలి, కింది శ్లాబుల రేట్లతో టీడీఎస్ కోశాయి. రెండు జీతాలూ కలిపి చూస్తే 60,000 పన్ను తక్కువ పడింది. 2023 జులైలో వేసి ఉంటే ముందస్తు పన్ను కట్టనందుకు పడే వడ్డీతో కలిపి 65,430తో తేలిపోయేది. అదే డిసెంబరులో వేస్తే రిటర్ను ఆలస్యపు వడ్డీ, 5,000 రుసుము చేరి 76,430. అప్పుడూ వేయక 2026 జనవరిలో అప్‌డేటెడ్ రిటర్ను వేశాడనుకోండి. రిటర్ను ఆలస్యానికి 30 నెలల వడ్డీ 18,000. ముందస్తు పన్ను కట్టనందుకు 34 నెలల వడ్డీ 20,400. వాయిదాలు తప్పినందుకు 3,030. పన్నూ వడ్డీ కలిపి 1,01,430. దాని మీద అదనపు పన్ను సగం, అంటే 50,715. రుసుము 5,000. మొత్తం 1,57,145. అరవై వేలకు లక్షా యాభై ఏడు వేలు.

ఆ ‘సగం’ ఎక్కణ్నుంచి వచ్చిందంటే, అసెస్‌మెంట్ ఇయర్ ముగిసిన మొదటి పన్నెండు నెలల్లో వేస్తే అదనపు పన్ను 25 శాతం, రెండో ఏడాదిలో 50, మూడో ఏడాదిలో 60, నాలుగో ఏడాదిలో 70. ప్రతి మార్చి 31 ఒక మెట్టు. ఇందులో గమనించాల్సింది ఏమిటంటే, 25 నుంచి 50కి దూకే మెట్టే అన్నిటికన్నా ఎత్తయినది. తర్వాతివి పది పది. అందువల్ల మొదటి పన్నెండు నెలల లోపల ఉన్నవాడికి తొందర చాలా అవసరం. ఆ మెట్టు దాటేసినవాడు వారం పది రోజులు తీసుకుని కాగితాలన్నీ సరిచూసుకుని వేసినా పెద్దగా పోయేది లేదు, ఈలోగా నోటీసు రాకుండా ఉంటే.

ఆ ‘నోటీసు’ షరతు చిన్నది కాదు. ఆ ఏడాదికి మదింపు లేదా పునర్మదింపు నడుస్తున్నా, సోదా జరిగినా, ప్రాసిక్యూషన్ మొదలైనా అప్‌డేటెడ్ రిటర్ను దారి ఉండదని 2025 దాకా వచ్చిన నిబంధనల సారాంశం. ఒక ఏడాదికి ఒక్కసారే వేయాలి. పన్ను తగ్గించుకోవడానికీ, నష్టం చూపించడానికీ, రీఫండ్ అడగడానికీ పనికిరాదు. పైగా పన్ను మొత్తం ముందే కట్టి ఆ చలానా వివరాలతోనే వేయాలి.

ఈ పథకాన్ని విమర్శించేవాళ్లు దీన్ని మరో క్షమాభిక్ష అంటారు. నేను ఒప్పుకోను. అసలు క్షమాభిక్ష అంటే 1997 నాటి స్వచ్ఛంద ఆదాయ వెల్లడి పథకం. దాచిన ఆదాయం మీద వ్యక్తులు 30 శాతం కడితే సరిపోయింది. వడ్డీ లేదు, జరిమానా లేదు, ఎక్కడిదన్న ప్రశ్న లేదు. ఏటా సకాలంలో కట్టినవాడు అది చూసి నవ్వుకోవాలో ఏడవాలో తెలియని పరిస్థితి. అప్‌డేటెడ్ రిటర్నులో ఆలస్యంగా వచ్చినవాడు ఎప్పుడూ సకాలంలో కట్టినవాడికన్నా ఎక్కువే కడతాడు, అదీ ఏటా ముందే తెలిసిన రేటుతో. 2025 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి చెప్పిన లెక్క ప్రకారం అప్పటికి దాదాపు 90 లక్షల మంది ఈ దారిలో వచ్చారు. నా అభ్యంతరం వేరే చోట ఉంది.

విజయవాడలోనో వరంగల్‌లోనో రిటైరైన ఒక పెద్దాయన ఫిక్సెడ్ డిపాజిట్ల మీద, టీడీఎస్ కోయవద్దని చెప్పే ఫారం 15హెచ్ ఇవ్వనందువల్ల, బ్యాంకు టీడీఎస్ కోసిందనుకోండి. ఆయన మొత్తం ఆదాయానికి పన్నే పడదు. డిసెంబరు 31 లోపు రిటర్ను వేస్తే డబ్బు వెనక్కి వస్తుంది. జనవరి 1న వేయబోతే రాదు. కట్టాల్సినవాడికి నాలుగేళ్లు ఇచ్చిన చట్టం, రావాల్సినవాడికి నాలుగు రోజులైనా ఇవ్వలేదు. ఆయనకు మిగిలింది 119(2)(బి) సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు పెట్టుకోవడం. 2024 అక్టోబరు 1 నాటి సర్క్యులర్ ప్రకారం కోటి రూపాయల లోపు క్లెయిములను ప్రిన్సిపల్ కమిషనర్ స్థాయిలోనే తేల్చవచ్చు, అసెస్‌మెంట్ ఇయర్ ముగిసిన ఐదేళ్ల లోపు దరఖాస్తు చేయాలి, వీలైనంతవరకు ఆరు నెలల్లో నిర్ణయం చెప్పాలి. అంతకు ముందు ఈ పరిమితి ఆరేళ్లు, దాన్నీ తగ్గించారు. ఆలస్యానికి సరైన కారణం, నిజమైన కష్టం ఉన్నాయని చూపించాలి. ఆస్పత్రి కాగితాలు, మరణ ధ్రువపత్రం లాంటివి జత చేస్తే బరువుంటుంది. ‘తెలియలేదు’ అన్న ఒక్క మాట సాధారణంగా నిలబడదు. మన్నించి రీఫండ్ ఇచ్చినా ఆలస్యపు క్లెయిముకు వడ్డీ రాదు. పదీ ఇరవై వేల కోసం డెబ్బై ఏళ్ల మనిషి ఇంత తతంగం పెట్టుకోడు. అలా వదిలేసిన డబ్బు ఎవరి ఖాతాలో మిగులుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

చేతిలో డబ్బు లేక రిటర్ను వేయకుండా ఆగిపోయేవాళ్ల పొరపాటు ఒకటి తరచూ కనిపిస్తుంది. పన్ను కట్టకుండా వేసిన రిటర్ను చెల్లదని వాళ్ల నమ్మకం. ఒకప్పుడు అది నిజం. స్వీయ మదింపు పన్ను కట్టకపోతే లోపభూయిష్ట రిటర్నుగా పరిగణించే నిబంధనను 2016లో తొలగించారు. మామూలు రిటర్నూ, డిసెంబరులోపు వేసే ఆలస్యపు రిటర్నూ పన్ను బాకీ ఉంచి కూడా వేయవచ్చు. కట్టనంతకాలం బాకీదారే, వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అయితే అసలు గడువులోపు వేస్తే ఆలస్య రుసుము తప్పుతుంది, నష్టాల హక్కు నిలుస్తుంది, పాత విధానం ఎంపిక నిలుస్తుంది, అన్నిటికీ మించి ‘రిటర్నే వేయలేదు’ అన్న నేరం ఉండదు. కట్టడం, వేయడం రెండు వేర్వేరు పనులు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది బాగా తెలిసిన సంగతే: అక్కడ రిటర్ను వేయనందుకు నెలకు ఐదు శాతం, కట్టనందుకు అర శాతం జరిమానా. మన చట్టంలో అంత పచ్చిగా అంకెల్లో కనబడకపోయినా ఫలితం అదే.

ఏమీ వేయకుండా ఊరుకుంటే ఏమవుతుంది? పదిహేనేళ్ల కిందట చాలాసార్లు ఏమీ అయ్యేది కాదు. 2013లో రిటర్ను వేయనివారి పర్యవేక్షణ వ్యవస్థ మొదలైంది, 2021 చివర్లో వార్షిక సమాచార నివేదిక (ఏఐఎస్) వచ్చింది. 30 లక్షలు, ఆపైన రిజిస్ట్రేషన్లు సబ్‌రిజిస్ట్రార్ దగ్గర్నుంచి, పొదుపు ఖాతాలో ఏడాదికి 10 లక్షలు, ఆపైన నగదు జమలు బ్యాంకు దగ్గర్నుంచి, మ్యూచువల్ ఫండ్లు, క్రెడిట్ కార్డు చెల్లింపులు అన్నీ పాన్ నంబరు కింద చేరిపోతున్నాయి. బాకీపడ్డ ఏళ్ల లెక్క తీసేవాడు మొదట చేయాల్సిన పని ఆ ఏళ్లన్నిటి ఏఐఎస్, 26ఏఎస్ దించుకుని, శాఖకు తన గురించి ఏం తెలుసో తాను తెలుసుకోవడం. అందులో ఉన్నదంతా నిజం కాదు. ఉమ్మడి ఖాతా వడ్డీ మొత్తం ఒక్కరి పేరునే పడటం, ఒకే లావాదేవీ రెండుసార్లు కనిపించడం మామూలే. తప్పుంటే అక్కడే అభ్యంతరం చెప్పుకోవచ్చు.

ముందు ఎస్సెమ్మెస్సో ఈమెయిలో వస్తుంది, అది కేవలం హెచ్చరిక. తర్వాత రిటర్ను వేయమని 142(1) నోటీసు రావచ్చు. పాత ఏళ్లయితే 148ఎ కింద ‘ఈ ఆదాయం మదింపునకు రాలేదు, ఎందుకు తెరవకూడదు’ అని అడుగుతారు. 2024 సెప్టెంబరు 1 నుంచి 148 నోటీసుకు సాధారణ గడువు అసెస్‌మెంట్ ఇయర్ చివరి నుంచి మూడేళ్ల మూడు నెలలు. తప్పిపోయిన ఆదాయం 50 లక్షలు, ఆపైన అయితే ఐదేళ్ల మూడు నెలలు. అసలు ప్రమాదం జవాబివ్వకపోవడంలో ఉంది. నోటీసులన్నీ పోర్టల్లో, ఎప్పుడో ఇచ్చిన ఈమెయిల్‌కు వస్తాయి. ఆ ఈమెయిల్ పాన్ కార్డు తీసిచ్చిన నెట్ సెంటరు కుర్రాడిదై ఉంటుంది. మనిషికి తెలిసేసరికి 144 కింద అధికారి తనకు తోచిన అంచనాతో ఉత్తర్వు ఇచ్చేసి ఉంటాడు.

దీని దెబ్బ ఎక్కువగా తగిలేది నగదు మీద బతికేవాళ్లకి. మిర్చి అమ్మిన డబ్బో, పత్తి అమ్మిన డబ్బో, పెళ్లి కోసం దాచిందో బ్యాంకులో వేసిన రైతు జవాబివ్వకపోతే, ఆ మొత్తాన్ని ఆధారం చూపని సొమ్ముగా లెక్కగట్టి 2025 నాటి రేట్లతో 60 శాతం పన్ను, దాని మీద సర్‌చార్జి, సెస్సు కలిపి 78 శాతం వేయవచ్చు. పెద్దనోట్ల రద్దు తర్వాత ఇలాంటి ఉత్తర్వులు కుప్పలుగా వచ్చాయి. వ్యవసాయ ఆదాయానికి కేంద్రం పన్ను వేయదు, నిజమే. కానీ అది వ్యవసాయ ఆదాయమని చూపించాల్సింది రైతే. పట్టాదారు పాసుపుస్తకం, మార్కెట్ యార్డు తక్‌పట్టీలు, కౌలు కాగితం ఉంటే వాదన నిలుస్తుంది. కౌలు కాగితం అన్నది మన పల్లెల్లో ఎక్కువ భాగం నోటిమాటే కాబట్టి కౌలు రైతు పరిస్థితి మరీ కష్టం. ఉత్తర్వు మీద 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, ఆలస్యానికి కారణం చెప్పి మన్నింపూ కోరవచ్చు. అక్కడ కూడా ఒక మెలిక ఉంది: రిటర్నే వేయనివాడు అప్పీలు చేయాలంటే, తాను కట్టాల్సిన ముందస్తు పన్నుకు సమానమైన మొత్తం ముందు కట్టాలి, లేదా కట్టనవసరం లేకుండా మినహాయింపు పొందాలి. ఇది పట్టించుకోక గుమ్మంలోనే కొట్టేసిన అప్పీళ్లు చాలా ఉన్నాయి.

డిమాండు నోటీసు వచ్చాక కథ వసూలు వైపు తిరుగుతుంది. సాధారణంగా 30 రోజుల్లో కట్టాలి. కట్టలేకపోతే ఆ గడువు తీరకముందే వాయిదాలు ఇమ్మని అడగవచ్చు. వాయిదాలిచ్చినా నెలకు ఒక శాతం వడ్డీ ఆగదు, ఒక్క వాయిదా తప్పినా మొత్తం ఒకేసారి బాకీ పడుతుంది. అప్పీలులో ఉన్న డిమాండు అయితే, 2025 నాటి పద్ధతిలో, మామూలుగా 20 శాతం కడితే మిగతాది అప్పీలు తేలేదాకా ఆపుతారు. నిజంగా కష్టంలో ఉండి, శాఖకు సహకరించినవారికి వడ్డీ తగ్గించే, మాఫీ చేసే అధికారం 220(2ఎ) ఇస్తుంది. 50 లక్షల వరకు వడ్డీని ప్రిన్సిపల్ కమిషనరే తేల్చవచ్చని 2024 నవంబరులో చెప్పారు. అడిగినవాళ్లే తక్కువ. ఏ జవాబూ లేకపోతే అసెసింగ్ అధికారి నేరుగా బ్యాంకుకో, యజమానికో, అద్దెదారుకో ఉత్తర్వు పంపి డబ్బు తీసుకోవచ్చు. ఉమ్మడి ఖాతాలో వాటాలు సమానమని అనుకుని ముందుకెళతారు. కాదని నిరూపించే పని ఖాతాదారులది. ఆ తర్వాత ట్యాక్స్ రికవరీ ఆఫీసర్, చరాస్తుల జప్తు, స్థిరాస్తుల వేలం. అరెస్టు చేసి సివిల్ జైల్లో పెట్టే అధికారం కూడా 1961 చట్టం రెండో షెడ్యూల్లో ఉంది. బాకీ 250 రూపాయలు దాటితే ఆరు నెలల దాకా, దాటకపోతే ఆరు వారాల దాకా. ఆ 250 అరవై ఏళ్లుగా అలాగే ఉంది. స్త్రీలను ఇలా అరెస్టు చేయకూడదన్న నియమమూ అందులోనే ఉంది. ఆచరణలో ఈ అస్త్రం బయటికి రావడం బహు అరుదు.

ఎక్కువమందికి బకాయి సంగతి తెలిసేది రీఫండ్ రాకపోయినప్పుడు. 245 కింద పాత బాకీలో కొత్త రీఫండ్‌ను సర్దేస్తామని సమాచారం వస్తుంది, 21 రోజుల్లో జవాబివ్వాలి. ఆ పాత బాకీ నిజమైనదేనా అన్నది చూడాల్సింది అప్పుడే. కాగితాల కాలం నుంచి కంప్యూటర్లకు ఎక్కించిన డిమాండ్లలో, కట్టిన చలానా నమోదు కానివి, టీడీఎస్ సరిపోలనివి ఎన్నో. 2024 మధ్యంతర బడ్జెట్‌లో, 1962 నాటివి కూడా ఇంకా పుస్తకాల్లో ఉన్నాయని ఒప్పుకుంటూ, 2009-10 వరకు ఏడాదికి 25,000 లోపు, 2010-11 నుంచి 2014-15 వరకు 10,000 లోపు డిమాండ్లను రద్దు చేశారు; ఒక్కొక్కరికి మొత్తం లక్ష దాకా. కోటి మందికి మేలు జరుగుతుందన్నారు. అదే మొత్తం అప్పటికే కట్టేసినవాళ్లకు మాత్రం ఏమీ దక్కలేదు.

యజమాని టీడీఎస్ కోసి ప్రభుత్వానికి జమ చేయని సందర్భం వేరు. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగులకు అదే జరిగింది. వారిలో ఒక పైలట్ గుజరాత్ హైకోర్టుకు వెళితే, కోసిన పన్నును మళ్లీ ఉద్యోగి దగ్గర వసూలు చేయడానికి 205 సెక్షన్ ఒప్పుకోదని కోర్టు చెప్పింది. మూతపడ్డ కంపెనీల మాజీ ఉద్యోగులు జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచుకోవాల్సింది ఇందుకే.

తండ్రి పోయాక ఆయన పేరున నోటీసు వస్తే కుటుంబాలు బెంబేలెత్తుతాయి. వారసుడి బాధ్యత తండ్రి వదిలిన ఆస్తి విలువ మేరకే, సొంత సంపాదన జోలికి రారు. పోయినవారి చివరి రిటర్ను కూడా వారసుడే వేయాలి. పోర్టల్లో వారసుడిగా నమోదు చేసుకుంటే అది సాధ్యం. చనిపోయినవారి పేరున పంపిన పునర్మదింపు నోటీసులు చెల్లవని కోర్టులు పలుమార్లు కొట్టేశాయి, కానీ ఆ ఊరట కోర్టు దాకా వెళ్లినవాడికే.

అమరావతి ప్రాంతానికి వస్తే విషయం ఇంకా చిక్కు. భూసమీకరణకు భూమి ఇచ్చిన రైతుల కోసం 2017లో 10(37ఎ) అని ప్రత్యేక మినహాయింపు పెట్టారు. 2014 జూన్ 2 నాటికి భూమి తన పేరున ఉన్న వ్యక్తికి, సమీకరణలో భూమి ఇవ్వడం మీద, యాజమాన్య ధ్రువపత్రం అమ్మకం మీద, రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) నుంచి తిరిగి వచ్చిన ప్లాటును స్వాధీనం చేసుకున్న ఆర్థిక సంవత్సరం చివరి నుంచి రెండేళ్లలోపు అమ్మితే దాని మీదా మూలధన లాభపు పన్ను లేదు. రాజధాని ఎక్కడో తేలక ధరలు పడిపోయిన ఏళ్లలో చాలామంది అమ్మలేదు. ఇప్పుడు అమ్మితే రెండేళ్లు దాటిపోయి ఉండొచ్చు. అప్పుడు ఆ రెండేళ్ల చివరి రోజు నాటి ప్రభుత్వ విలువను కొన్న ధరగా తీసుకుని, ఆపైన వచ్చినదాని మీద పన్ను లెక్కిస్తారు. ‘సీఆర్‌డీఏ ప్లాటుకు పన్ను లేదు’ అని ఊళ్లో చెప్పుకునే మాట సగమే నిజం. 2014 జూన్ తర్వాత కొన్నవాళ్లకు ఆ సగం కూడా లేదు.

హైదరాబాద్‌లో అమెరికన్ కంపెనీలకు పనిచేస్తూ ఆ కంపెనీ షేర్లు పొందుతున్న వేలాది మంది ఉద్యోగులది మరో చిక్కు. జీతం మీద పన్ను పూర్తిగా కట్టినా, విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపకపోతే నల్లధనం చట్టం కింద ఏడాదికి 10 లక్షల జరిమానా పడే వీలుంది. 2024 అక్టోబరు నుంచి, స్థిరాస్తి కాని విదేశీ ఆస్తులు 20 లక్షలు మించకపోతే ఆ జరిమానా లేదు. అటు అమెరికాలో ఉంటూ ఇక్కడి బ్యాంకు ఖాతాలను అక్కడ చూపించని తెలుగువారికి, కావాలని దాచకపోయి ఉంటే, మూడేళ్ల రిటర్నులు, ఆరేళ్ల ఖాతాల వివరాలు ఇచ్చి సరిచేసుకునే ప్రత్యేక పద్ధతి ఉంది. అక్కడ నివాసం ఉన్నవారికి ఐదు శాతం జరిమానాతో. 2015లో రెండు దేశాల మధ్య సమాచార ఒప్పందం కుదిరాక ‘వాళ్లకెలా తెలుస్తుంది’ అన్న ప్రశ్నకు అర్థం లేదు.

జైలు మాటకొస్తే, 276సీసీ కింద రిటర్ను వేయకపోవడం నేరమే. 2025 నాటి నిబంధనల ప్రకారం పన్ను 25 లక్షలు దాటితే ఆరు నెలల నుంచి ఏడేళ్లు, లేకపోతే మూడు నెలల నుంచి రెండేళ్లు. టీడీఎస్ పోగా కట్టాల్సింది 10,000 దాటకపోతే వ్యక్తుల మీద కేసు పెట్టరు. ఈ సెక్షన్ మీద అందరూ ఉదహరించే తీర్పు 2014 జనవరిలో జయలలిత, శశికళ భాగస్వాములుగా ఉన్న శశి ఎంటర్‌ప్రైజెస్ కేసులో వచ్చింది. మదింపు ఇంకా తేలలేదు కాబట్టి నేరం లేదన్న వాదనను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తర్వాత రాజీ రుసుము కట్టి ఆ కేసు ముగించుకున్నారు. మామూలు ఉద్యోగి దాకా ఇది రావడం తక్కువే. అతనికి ఎదురయ్యే అసలు ముప్పు పది శాతం కమిషన్‌కు రీఫండ్ తెప్పిస్తామనే ఏజెంటు. లేని విరాళాలు, లేని అద్దెలు రాసి వేయించిన రిటర్ను, వేయని రిటర్నుకన్నా ప్రమాదం. తప్పుడు వివరాలకు జరిమానా ఆ మేరకు పన్నుకు రెండు రెట్లు. 2025 జులైలో ఇలాంటి ఏజెంట్ల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసినప్పుడు, అంతకు ముందు నాలుగు నెలల్లోనే దాదాపు 40,000 మంది 1,045 కోట్ల తప్పుడు క్లెయిములను తమంతట తామే వెనక్కి తీసుకున్నారని శాఖ ప్రకటించింది. దొంగ నోటీసుల మోసం కూడా పెరిగింది. 2019 అక్టోబరు నుంచి శాఖ పంపే ప్రతి ఉత్తరానికీ డిన్ అనే నంబరు ఉంటుంది. పోర్టల్లో లాగిన్ కాకుండానే దాన్ని సరిచూసుకోవచ్చు.

2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అసెస్‌మెంట్ ఇయర్ అన్న మాట పోయి ట్యాక్స్ ఇయర్ అన్నది వస్తుంది, సెక్షన్ల నంబర్లన్నీ మారతాయి. పాత బాకీలు ఉన్నవాళ్లకు దానితో ఊరట ఏమీ లేదు. 2025-26 వరకు సంపాదించిన ఆదాయానికి 1961 చట్టమే వర్తిస్తుంది. ఆ చివరి ఏడాదికి అప్‌డేటెడ్ రిటర్ను వేసుకునే గడువు 2031 మార్చి 31న, పెద్ద మొత్తాలకు పునర్మదింపు నోటీసు ఇచ్చే గడువు 2032 జూన్ 30న తీరుతుంది. కొత్త చట్టం పుస్తకం కొన్న ఆడిటర్లు పాత పుస్తకాన్ని అప్పటిదాకా అల్మారాలో పక్కనే ఉంచుకోక తప్పదు.